విమానం గంటలు, గడియారం గంటలు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విమాన ప్రయాణం గురించి సందేహాలు రాయమని అడిగితే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దూరం గురించి, ప్రయాణ సమయం గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం. టికెట్ల మీది వేళలు ఉదాహరణకు తీసుకున్నవే. సర్వీసుల వేళలు సీజన్ సీజన్‌కీ మారతాయి కాబట్టి ఇక్కడి లెక్క పద్ధతి చూసి మీ టికెట్‌కు వేసుకోండి.

ప్రశ్న: మా అల్లుడుగారు హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్తున్నారు. టికెట్ మీద తెల్లవారుజామున 4:15కి బయల్దేరి 6:45కి దిగుతుందని ఉంది. వచ్చేటప్పుడు దుబాయ్‌లో రాత్రి 10 గంటలకు ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది తెల్లారి 3:10కట. పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి అయిదు గంటలకు పైన ఎలా అవుతుంది? ఏజెంటు తప్పు టికెట్ ఇచ్చాడా?
— బరంపురం పాఠకురాలు

టికెట్ సరైనదే. బయల్దేరే వేళను బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, దిగే వేళను దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. ప్రపంచమంతా ఇదే పద్ధతి. అందుకే టికెట్ మీది రెండు వేళల్ని నేరుగా తీసివేయకూడదు. ముందు రెండింటినీ ఒకే గడియారంలోకి తెచ్చుకోవాలి.

దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. అంటే అక్కడ 6:45 అయితే మనకు 8:15. అందులోంచి 4:15 తీసేస్తే నాలుగు గంటలు. ఇదీ అసలు ప్రయాణం. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో రాత్రి 10 అంటే మనకు 11:30. అక్కణ్ణుంచి 3:10 దాకా లెక్కిస్తే 3 గంటల 40 నిమిషాలు. నిజమైన తేడా ఇరవై నిమిషాలే, అది గాలి వల్ల వచ్చింది. దాని సంగతి రాయగడ విద్యార్థికి ఇచ్చిన జవాబులో ఉంది.

గడియారాల్లో ఈ తేడా ఎందుకంటే, భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశం మొత్తం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని గడియారం పెట్టుకుంది. ఆ రేఖ కొరాపుట్ జిల్లాలో జయపురం పక్కనుంచే పోతుంది. దుబాయ్ వాళ్లు 60 డిగ్రీల రేఖను పట్టుకున్నారు. తేడా 22.5 డిగ్రీలు, నాలుగుతో గుణిస్తే 90 నిమిషాలు.

మన ప్రాంతం వాళ్లకు ఎక్కువగా పనికొచ్చేవి చెబుతాం. దుబాయ్, అబుదాబి, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. సింగపూర్, మలేసియా రెండున్నర గంటలు ముందు. వెనక ఉన్న ఊరి వేళకు తేడాను కలపాలి, ముందున్న ఊరి వేళ నుంచి తీసేయాలి. విశాఖలో రాత్రి 11కి ఎక్కి సింగపూర్‌లో ఉదయం 5:45కి దిగితే, అది మన 3:15. ప్రయాణం నాలుగుంబావు గంటలే.

ఈ దేశాల్లో ఏడాది పొడవునా తేడా ఒకటే. బ్రిటన్, అమెరికాల్లో అలా కాదు. వాళ్లు వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. లండన్ వేసవిలో మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో అయిదున్నర. న్యూయార్క్ తొమ్మిదిన్నర లేదా పదిన్నర, శాన్ ఫ్రాన్సిస్కో పన్నెండున్నర లేదా పదమూడున్నర. బ్రిటన్‌లో ఈ మార్పు మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాల్లో జరుగుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కు. ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మార్చిలో టికెట్ కొన్నవాళ్లు నెలకింద చూసిన తేడానే పట్టుకుని లెక్కేస్తే గంట తప్పుతుంది.

ప్రశ్న: హైదరాబాద్–దుబాయ్ దూరం సెల్‌లో వెతికితే ఒక చోట 1,375 అని, ఒక చోట 1,582 అని, ఇంకో చోట 2,546 అని వచ్చింది. ఏది నిజం?
— ఛత్రపురం పాఠకుడు

మూడూ నిజమే. మొదటిది నాటికల్ మైళ్లలో, రెండోది మామూలు మైళ్లలో, మూడోది కిలోమీటర్లలో. నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. పైలట్లు, విమానాలకు దారి చెప్పేవాళ్లు వాడేది నాటికల్ మైలు. వేగాన్ని ‘నాట్’లలో చెబుతారు, అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్లు. 450 నాట్లు అంటే గంటకు 833 కి.మీ. అంకె పక్కన కొలత పేరు లేకపోతే ఆ అంకెను వాడకండి.

ప్రశ్న: భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. పడమరకు వెళ్లే విమానానికి కింద గమ్యమే ఎదురొస్తుంది, తూర్పుకు వెళ్లేదానికి దూరం జరిగిపోతుంది. ఆ లెక్కన దుబాయ్ పోవడానికి తక్కువ సమయం పట్టాలి. జరిగేది దానికి తిరగేసి. ఎందుకు?
— రాయగడ ఇంటర్ విద్యార్థి

మంచి ప్రశ్న వేశావు. నీ ఊహే నిజమైతే విమానం ముందుకు పోవక్కర్లేదు. రాయగడ ఉన్న అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,580 కి.మీ. వేగంతో తూర్పుకు తిరుగుతోంది. హెలికాప్టర్‌లో పైకి లేచి గాల్లో రెండు గంటలు నిలబడితే కిందికి అరేబియా దేశాలు వచ్చేయాలి. అలా జరగదు, ఎందుకంటే నేలతోపాటు గాలీ అదే వేగంతో తిరుగుతోంది. రన్‌వే మీద ఉన్నప్పుడే విమానానికీ ఆ వేగం ఉంది. పరుగెత్తే రైల్లో కూర్చుని నాణేన్ని పైకి ఎగరేస్తే వెనక పెట్టెలో పడదు, నీ చేతిలోనే పడుతుంది. ఇదీ అంతే.

విమానానికి లెక్కలోకి వచ్చేది తన చుట్టూ ఉన్న గాలి నేల మీద ఎటు కదులుతోందన్నదే. జెట్ విమానాలు 10 నుంచి 12 కి.మీ. ఎత్తున పోతాయి. ఆ ఎత్తులో, మన అక్షాంశాలకు ఉత్తరంగా, చలికాలమంతా పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే బలమైన గాలి వీస్తుంది. ఉత్తర భారతం మీద అది గంటకు 150 కి.మీ. దాటడం మామూలే. ఈ ప్రవాహం పుట్టడానికి కారణాల్లో భూభ్రమణం ఒకటి. నీ ప్రశ్నలో నిజం ఉన్నది అక్కడ. భూమి తిరగడం విమానాన్ని నేరుగా తాకదు, గాలి ద్వారా తాకుతుంది.

లెక్కేసి చూడు. హైదరాబాద్–దుబాయ్ 2,550 కి.మీ. విమానం గాలిలో పోయే వేగం గంటకు 830 కి.మీ. గాలి లేకపోతే 3 గంటల 4 నిమిషాలు. గంటకు 100 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేల మీది వేగం 730, సమయం మూడున్నర గంటలు. అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 930, సమయం 2 గంటల 45 నిమిషాలు. పోనూ రానూ కలిపితే 6 గంటల 15 నిమిషాల దాకా వస్తుంది. గాలే లేకపోతే 6 గంటల 9 నిమిషాలు. చూశావా, పోయేటప్పుడు గాలి తీసుకున్నదంతా వచ్చేటప్పుడు తిరిగి ఇవ్వదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువసేపు ఉంటాం కాబట్టి. నూరుకు బదులు 150 పెట్టి నువ్వే వేసి చూడు, ఆ నష్టం ఎలా పెరుగుతుందో తెలుస్తుంది.

నైరుతి రుతుపవనాల కాలంలో జెట్ ప్రవాహం హిమాలయాలకు ఉత్తరంగా తప్పుకుంటుంది. దక్షిణాది మీద పై ఎత్తుల్లో గాలి తూర్పు నుంచి వీస్తుంది. అందుకే జులై, ఆగస్టుల్లో గల్ఫ్‌కు పోయే సమయానికీ వచ్చే సమయానికీ తేడా తగ్గిపోతుంది.

ప్రశ్న: పిల్లలకు రెండు నగరాల మధ్య ఆకాశదూరం, విమాన సమయం కట్టడం నేర్పాలి. ఇంటర్నెట్ లేకుండా కాగితం మీద చేసే దారి చెప్పగలరా?
— పర్లాకిమిడి ఉపాధ్యాయుడు

తప్పకుండా. అట్లాస్‌లో రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు ఉంటే చాలు. భువనేశ్వర్ నుంచి ఢిల్లీకి కడదాం.

భువనేశ్వర్ విమానాశ్రయం 20.25 డిగ్రీల ఉత్తరం, 85.82 డిగ్రీల తూర్పు. ఢిల్లీ 28.56, 77.10. అక్షాంశాల తేడా 8.31. ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. కాబట్టి 922 కి.మీ. రేఖాంశాల తేడా 8.72. కానీ రేఖాంశాల మధ్య ఎడం ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకే 111ని సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. సగటు 24.4, కొసైన్ 0.911, డిగ్రీకి 101 కి.మీ. మొత్తం 881 కి.మీ. ఇక మిగిలింది పైథాగరస్. 922 వర్గం, 881 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1,275 కి.మీ. అసలు దూరం కూడా అంతే.

కొసైన్ రాని చిన్న తరగతులకు ఇలా ఇవ్వండి: 15 డిగ్రీల దగ్గర రేఖాంశపు డిగ్రీకి 107 కి.మీ., 20 దగ్గర 104, 25 దగ్గర 101, 30 దగ్గర 96.

పిల్లలు తప్పు చేసేది మూడు చోట్ల. అట్లాస్‌లో 20 డిగ్రీల 15 నిమిషాలు అని ఉంటే 20.15 అని రాసేస్తారు. అది 20.25, ఎందుకంటే డిగ్రీకి 60 నిమిషాలు. క్యాలిక్యులేటర్ రేడియన్‌లో ఉండగా కొసైన్ నొక్కుతారు. ఊరి నడిమధ్యను తీసుకుని విమానాశ్రయాన్ని మరిచిపోతారు. దగ్గరి ఊళ్లకు ఈ మూడోదే పెద్ద తేడా తెస్తుంది.

ఈ పద్ధతి 1,500 కి.మీ. దాకా నమ్మకంగా పనిచేస్తుంది. అంతకు మించితే భూమి గుండ్రదనం అడ్డొస్తుంది. హైదరాబాద్–లండన్‌కు ఇదే లెక్క వేస్తే దాదాపు 8,170 వస్తుంది, అసలు దూరం 7,750. అలాంటివాటికి గ్లోబు, దారం వాడండి. 30 సెం.మీ. అడ్డకొలత ఉన్న గ్లోబు చుట్టుకొలత 94 సెం.మీ., అది 40,000 కి.మీ.కు సమానం. సెంటీమీటరుకు 425 కి.మీ. రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టి కొలిస్తే హైదరాబాద్–లండన్‌కు 18 సెం.మీ.కు కాస్త పైన రావాలి. దారం వదులుగా ఉంటే దూరం పెరుగుతుంది, అందుకే ఇద్దరు పిల్లల చేత పట్టించండి.

సమయానికి మేం వాడే లెక్క ఇది. దేశంలో తిరిగే మామూలు జెట్‌కు దూరాన్ని 800తో భాగించి 40 నిమిషాలు కలపండి. ఖండాలు దాటే పెద్ద విమానమైతే 880తో భాగించి అదే 40 కలపండి. రెక్కల మీద పంకాలుండే ఏటీఆర్ అయితే 480తో భాగించి అరగంట కలపండి. భువనేశ్వర్–ఢిల్లీ 1,275ను 800తో భాగిస్తే గంటా 36 నిమిషాలు, 40 కలిపితే 2 గంటల 16 నిమిషాలు. విశాఖ–హైదరాబాద్ 510 కి.మీ.కు జెట్‌లో గంటా 18 నిమిషాలు, ఏటీఆర్‌లో గంటా 34.

ఆ 40 నిమిషాలు ఎక్కడివంటే, గేటు నుంచి కదిలి రన్‌వే చివరికి చేరడానికి పది నుంచి ఇరవై నిమిషాలు. పై ఎత్తుకు ఎక్కే ఇరవై నిమిషాల్లో పూర్తి వేగం ఉండదు. దిగడం గమ్యానికి దాదాపు 200 కి.మీ. ముందే మొదలవుతుంది, అక్కడా వేగం తగ్గుతుంది. దిగాక గేటుకు చేరేదాకా మరో అయిదు, పది నిమిషాలు. టికెట్ మీది సమయం గేటు నుంచి గేటుకు వేసింది, చక్రాలు లేచినప్పటి నుంచి కాదు. పిల్లలు కట్టిన లెక్కను టికెట్‌తో పోల్చేటప్పుడు ఇది చెప్పండి.

ప్రశ్న: అమెరికా మనకు పడమరన ఉంది. కానీ అక్కడికి పోయే విమానం ఉత్తర ధ్రువం వైపు పోతుందని, ఒక్కోసారి తూర్పుకు కూడా పోతుందని విన్నాను. చుట్టు తిరిగి పోవడం ఎందుకు?
— జయపురం పాఠకుడు

గోడకు తగిలించిన పటం చూస్తే చుట్టు దారిలా కనిపిస్తుంది. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచేటప్పుడు ఉత్తరపు ప్రాంతాలు సాగిపోతాయి. చాలా గోడపటాల్లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికన్నా పద్నాలుగు రెట్లు పెద్దది. పైన చెప్పిన దారం పెట్టి చూడండి. బెంగళూరు–శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య బిగించిన దారం ధ్రువానికి దగ్గరగా పోతుంది. అదే దగ్గరి దారి, దాదాపు 14,000 కి.మీ. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యంలో అందరూ మహిళా పైలట్లే ఉన్న ఎయిరిండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగానే వచ్చింది.

దగ్గరి దారి అన్నిసార్లూ తొందరగా చేర్చే దారి కాదు. ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో సూటి దూరం 12,400 కి.మీ. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి మార్చి తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,000 కి.మీ. దాటింది. అయినా వెనక నుంచి తోసిన గాలి వల్ల పద్నాలుగున్నర గంటల్లో చేరింది. అట్లాంటిక్ దారిలో పట్టే సమయం కన్నా అది తక్కువ. దూరం కిలోమీటర్లలో పెరిగినా గాలిలో కొలిస్తే తగ్గిందన్నమాట. దూరప్రయాణ విమానాలకు ఏ రోజు దారి ఆ రోజు గాలిని చూసే గీస్తారు.

హిమాలయాలు, టిబెట్ మీదుగా సూటిగా పోకపోవడానికి కారణం వేరు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం వెంటనే 10,000 అడుగులకు, అంటే 3 కి.మీ. ఎత్తుకు దిగాలి. సీటు పైన వేలాడే ముసుగుల్లో ఆక్సిజన్ మామూలుగా 12 నుంచి 15 నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి నేలే సగటున నాలుగున్నర కి.మీ. ఎత్తున ఉంది. దిగడానికి అక్కడ చోటు లేదు.

ప్రశ్న: దేశాల మధ్య గొడవలైతే విమానం సమయం పెరుగుతుందా?
— గుణుపురం పాఠకుడు

పెరుగుతుంది. పాకిస్తాన్ 2019 ఫిబ్రవరి ఆఖరు నుంచి జులై దాకా తన గగనతలాన్ని చాలావరకు మూసింది. 2025 ఏప్రిల్ 24న మన విమాన సంస్థలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి ఐరోపాకు పోయే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోవాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు దారి ఎలాగూ సముద్రం మీదుగానే కాబట్టి మనవాళ్లకు దాని దెబ్బ పెద్దగా ఉండదు.

ప్రశ్న: విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది, కానీ టైముకే దిగింది. పైలట్ వేగం పెంచాడా?
— కొరాపుట్ పాఠకురాలు

కొంచెం పెంచవచ్చు, కానీ అసలు కారణం అది కాదు. రన్‌వే దగ్గర వరుసలో నిలబడటానికి, దిగేముందు గాల్లో తిరగడానికి పట్టే సమయాన్ని ముందే కలిపి టికెట్ వేళ వేస్తారు. ఆ రోజు రద్దీ లేకపోతే ఆ నిమిషాలు మిగిలిపోతాయి. వేగం పెంచితే ఇంధనం ఎక్కువ కాలుతుంది, అలా మిగిలేది కొన్ని నిమిషాలే.

ప్రశ్న: మా తమ్ముళ్లు సూరత్ మిల్లుల్లో ఉన్నారు. రైల్లో ఒక పగలూ రాత్రీ దాటుతుంది. విమానంలో వస్తే నిజంగా ఎంత కలిసొస్తుంది?
— అస్కా పాఠకుడు

సూరత్–బరంపురం ఆకాశదూరం 1,260 కి.మీ. రైలు దారి 1,600 పైనే. సూటిగా ఎగిరే విమానం ఉంటే రెండుంబావు గంటలు చాలు. కానీ బరంపురంలో దిగే అలాంటి విమానం లేదు కాబట్టి ఇంటి నుంచి ఇంటికి లెక్కేయాలి.

హైదరాబాద్ మీదుగా విశాఖ వస్తున్నారనుకుందాం. సూరత్–హైదరాబాద్ 735 కి.మీ., గంటా 35 నిమిషాలు. హైదరాబాద్‌లో ఆగేది కనీసం రెండు గంటలు. విశాఖకు గంటా 20. ఎక్కేచోట రెండు గంటల ముందు ఉండాలి, దిగాక లగేజీకి, స్టేషన్‌కు చేరడానికి గంటన్నర. విశాఖ–బరంపురం రైలు 277 కి.మీ., నాలుగున్నర గంటలు. అన్నీ కలిపితే పదమూడు గంటలు. రైలు వెంటనే దొరికితేనే అది. రెండు మూడు గంటలు స్టేషన్‌లో కూర్చుంటే పదహారు. భువనేశ్వర్ మీదుగా వస్తే గాల్లో దాదాపు అరగంట పెరుగుతుంది కానీ రైలు 166 కి.మీ.కు తగ్గుతుంది, స్టేషన్ కూడా విమానాశ్రయానికి దగ్గరే. బరంపురం, ఛత్రపురం, అస్కా వాళ్లకు భువనేశ్వరే మేలు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకు విశాఖ.

రెండు విమానాలకూ ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ తీసుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే విమానంలో పంపే బాధ్యత సంస్థది. విడివిడిగా కొంటే రెండో టికెట్ డబ్బు పోతుంది. అలా కొనక తప్పకపోతే మధ్యలో మూడు గంటలకు తక్కువ పెట్టకండి. విదేశం నుంచి వచ్చేవాళ్లు ఒకే పీఎన్ఆర్ అయినా ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దేశంలో మొదట దిగిన చోటే లగేజీ తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి.

ప్రశ్న: 12వ తేదీ 00:30కి విమానం. ఊరి నుంచి ఎప్పుడు బయల్దేరాలి?
— పర్లాకిమిడి పాఠకురాలు

11వ తేదీనే. 00:30 అంటే 11వ తేదీ అర్ధరాత్రి దాటిన అరగంట. 12వ తేదీ సాయంత్రం తాపీగా విమానాశ్రయానికి చేరి, విమానం నిన్న రాత్రే పోయిందని తెలుసుకునేవాళ్లు ఉంటారు. టికెట్ మీద 00 కానీ 01 కానీ కనిపిస్తే ముందురోజు తేదీ చుట్టూ గీత గీసుకోండి.

అంతర్జాతీయ విమానమైతే మూడు గంటల ముందు, అంటే 11న రాత్రి 9:30కి విమానాశ్రయంలో ఉండాలి. లగేజీ కౌంటర్ గంట నుంచి గంటంబావు ముందే మూసేస్తారు. గేటు కూడా బయల్దేరే వేళకు ఇరవై నిమిషాలకు పైగా ముందే మూతపడుతుంది. రోడ్డుకు పట్టే సమయానికి రెండు గంటలు అదనం పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరవచ్చు. రైలు నమ్ముకుంటే పొద్దుటి బండే పట్టుకోండి.

అక్టోబర్, నవంబర్లలో ఒక రోజు ముందే చేరుకోమంటాం. మన తీరానికి అవి తుఫాను నెలలు. పైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం కప్పే లేచిపోయి కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి. వాతావరణ శాఖ వాయుగుండం అని చెప్పిన రోజే విమాన సంస్థకు ఫోన్ చేసి తేదీ మార్పు గురించి అడగండి. తుఫాను వచ్చాక అందరూ ఒకేసారి అడుగుతారు, సీట్లు ఉండవు.